గట్టు చాచిన చెయ్యి

హస్తాకారం అనే మాటంటే నాకు ప్రాణం. ఏలూరులో ఒక జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పి బతుకుతున్నవాణ్ణి. నా జీతం, నా స్కూటరు, మా ఆవిడ మెడలో గొలుసు, అన్నీ ఆ ఒక్క మాట పెట్టిన భిక్ష అని తరగతిలో నిలబడి చెబుతుంటాను. పిల్లలు నమ్మరు. మా ఆవిడ అసలు నమ్మదు.

మాటకి అర్థం పెద్దదేమీ కాదు. చేతి ఆకారం, అంతే. ఆ అంతే అనేదాన్ని చెప్పడానికి నాకు పీరియడ్ మొత్తం పడుతుంది. ఆముదపాకు తెచ్చి పిల్లల ముందు ఎత్తి పట్టుకుంటాను. ఈనెలన్నీ తొడిమ తగిలిన చోటునుంచే బయల్దేరి వేళ్లలా విడిపోవాలి, అప్పుడే అది హస్తాకారం. కొబ్బరాకులాగా నడుమ ఒక వెన్నెముక ఉండి అటూ ఇటూ ఈనెలు దిగాయనుకోండి, అది ఈక. ఈకని చెయ్యి అన్నవాడికి నా దగ్గర మార్కులు లేవు, మన్ననా లేదు. ఆముదం, బొప్పాయి, బెండ, ఇవి వేళ్లు కలిసి ఉన్న చేతులు. బూరుగాకు వేళ్లు వేటికవి విడిపోయిన చెయ్యి. అరటిగెలలో అత్తం అంటామే, అదీ హస్తమే. పండు ఒలుచుకు తినేటప్పుడు ఒకరి చేతివేళ్లు ఒక్కొక్కటే తుంచుకుని తింటున్నామని ఒకసారి చెప్పాను. ఆ పూట ముందు బెంచీ వాళ్లెవరూ టిఫిన్ బాక్సులో అరటిపండు ముట్టలేదు.

తరగతి బయట కూడా ఈ మాట నన్ను వదలదు. అల్లం కొంటే వేళ్లు చూస్తాను. బాతు నడిచిన బురద చూస్తాను. కొల్లేటి మీద గూడబాతు దిగుతున్నప్పుడు అందరూ దాని ముక్కు కింద సంచీ చూస్తారు, నేను నీళ్లని తన్నే ఆ పాదాలు చూస్తాను. ఆఖరికి కొల్లేరు పటం చూసినా నాకు చెయ్యే కనపడుతుంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇంకా పేరు పెట్టే ఓపిక ఎవరికీ లేకపోయిన కాలవలు, ఇవన్నీ వేళ్లు. కొల్లేరు అరచెయ్యి. ఉప్పుటేరు మణికట్టు. వేళ్లలోంచి దిగిన నీళ్లు అరచేతిలో చేరి, మణికట్టు గుండా సముద్రంలోకి పోవాలి. వేళ్లేమో లావు, మణికట్టేమో సన్నం. పైన వానలు తగులుకున్న ఏడు ఆ చెయ్యి ఏం చేస్తుందో నేను పిల్లలకి చెప్పను. పరీక్షలో రాదు.

అది చూసే యోగం నాకు మా అక్క వల్ల పట్టింది.

మా అక్కని తాడేపల్లిగూడెంలో ఇచ్చాం. మా బావగారిది ఉల్లిపాయల కొట్టు. గూడెంలో ఉల్లి వాసనకి బరువుంటుంది. స్టేషన్లో రైలు దిగిన మనిషి రెండు కిలోలు పెరిగి ఊళ్లోకి వస్తాడు. ఆ కొట్లో మామగారి కాలంనుంచి ఒక పద్ధతి ఉంది. కొట్టు మెట్టు ముందు ఎవరు చెయ్యి చాచినా, ఆ చెయ్యి ఉత్తిగా వెనక్కి పోకూడదు. ఏమీ తోచకపోతే ఒక ఉల్లిపాయ పెట్టాలి. ఒకే చెయ్యి చాస్తే ఉల్లిపాయతో సరి. రెండు చేతులూ కలిపి చాచారంటే మాత్రం, వచ్చినవాళ్లు నోరు తెరిచి అడిగిందే ఇవ్వాలి. మా బావగారు బేరంలో గీచి గీచి మాట్లాడే మనిషే గాని, ఈ పద్ధతి మాత్రం తప్పరు. వాన పడుతోందా అని చూరు కిందనుంచి చెయ్యి బయట పెట్టి చూసిన పోస్టుమాన్ చేతిలో కూడా ఉల్లిపాయ పడింది.

అక్క ఇంటిపట్టున ఊరికే కూర్చునే మనిషి కాదు. గణపవరం దాటాక, కొల్లేరు వైపు, ఒక చేపల చెరువు కౌలుకి తీసుకుంది. తాతముత్తాతలనుంచి చేప వాసన గుమ్మం దాటి రానివ్వని ఇల్లు మాది. ఆవిడ చేపని చేప అనదు, సరుకు అంటుంది. చెరువు గట్టు మీద నిలబడి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, సరుకు ఎలా ఉందయ్యా అని అడుగుతుంది. చెరువుకి కాపలా ఉండేది కొల్లేటివాళ్లే, మొగుడూ పెళ్లాం. పుట్టడం నీళ్ల మీద పుట్టారేమో అనిపించేంత నీళ్ల మనుషులు.

వాళ్ల పాక ఎక్కడుందో ముందే చెప్పాలి, ఎందుకంటే ఈ కథంతా ఆ పాక చుట్టూనే. చెరువుకి ఒక వైపు మురుగు కాలవ, రెండో వైపు పల్లం. కొల్లేటి గాలి నేరుగా తగలకుండా ఆ పల్లంలో, సరిగ్గా గట్టుకి ఆనుకుని పాక వేసుకుంది కాపలా అతని పెళ్లాం. చెరువులో నీళ్లు పాక కప్పు కంటే ఎత్తున ఉంటాయి. గట్టెక్కితే ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క, ఆ నీళ్లకంటే కింద, ఆవిడ పొయ్యి. మధ్యలో మట్టి. మొదటిసారి చూసినప్పుడు గట్టు దిగడానికి నేను వెనకాడాను. ఆవిడ మాత్రం ఆ పల్లంలో ప్రపంచమంతా పెంచింది. వాకిట్లో ఆముదం చెట్టు, పక్కన బొప్పాయి, బెండ మొక్కలు, బాతులు. ఎటు చూసినా చేతులే. ఇంత చక్కటి హస్తాకారాల పెరడు నేను పుస్తకంలో కూడా చూడలేదని ఆవిడతో అంటే, మీకు బెండకాయలు కావాలంటే చెప్పండి బాబుగారూ, అంత తిప్పి అడగడం దేనికి అంది.

ఆ ఏడు వానలు పెద్దవి. ఎంత పెద్దవంటే, ఏలూరులో మా వీధి కప్పలు కూడా మెట్లెక్కి మా వరండాలో కూర్చున్నాయి. తమ్మిలేరు వంతెన కింద నీళ్లు ఎర్రగా, ఎవరితోనూ మాట్లాడకుండా పోతున్నాయి. వాన కాస్త తెరిపిచ్చిన రోజు పొద్దున్నే అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, కాపలా అతను ఫోన్ చేశాడు. గట్టుకి చెయ్యి వచ్చిందట. నువ్వు ఆకులూ చేతులూ అని తిరుగుతావుగా, వెళ్లి చూసి రా."

గట్టుకి చెయ్యి రావడమేమిటని నేనూ అడిగాను. అతను అంతకంటే చెప్పలేదట. పెళ్లాం పక్కనుంచి వింటోంది కాబట్టి చెప్పలేకపోతున్నాడని అక్క అనుమానం.

దెందులూరు మీదుగా హైవే పట్టుకుని, గణపవరం వైపు దిగాను. దిగాక రోడ్డుకి రెండు పక్కలా ఒకటే నీళ్లు. ఏది వరిచేనో, ఏది చెరువో, ఏది కాలవో వాటికే తెలియాలి. ఒకచోట కరెంటు స్తంభాల వరస ఒక్కటే నీళ్లలోంచి లేచి ఉంది. స్తంభానికొక కొంగ కూర్చుంది. ఒక్కటీ కదలలేదు. నేను వెళ్తున్నంతసేపూ అవన్నీ నా వైపే తల తిప్పాయని ప్రమాణం చేసి చెప్పగలను. మా ఆవిడ ఒప్పుకోదు.

చెరువు దగ్గరికి చేరేసరికి కాపలా అతను రోడ్డు మీదే ఎదురొచ్చాడు. గట్టు చుట్టూ తిప్పి, పల్లంలోకి, పాక వెనక్కి తీసుకెళ్లాడు.

ఎండ కాసింది కాబట్టి గట్టు వాలు పైపైన ఆరి, బూడిద రంగుకి తిరిగింది. అంత బూడిద రంగు మధ్యన, మనిషి ఛాతీ ఎత్తులో, ఒకే ఒక్క చోట నల్లగా తడి. అరచెయ్యంత అని రాస్తే నా చేతికి అవమానం. చాట అంత అరచెయ్యి. దాని కిందనుంచి తడిగీతలు విడివిడిగా వాలు మీద కిందికి జారి, నాలుగు వేళ్లుగా, పక్కకి తిరిగి ఒక బొటనవేలుగా ఉన్నాయి. గట్టు లోపల ఎవరో ఉండి చెయ్యి బయటపెట్టినట్టు ఉంది. వేళ్ల కొనలనుంచి నీటిబొట్లు ఒక్కోటీ పాక వెనకగోడ మొదట్లో పడుతున్నాయి. అరచేతి నడుమ పసుపు రాసి కుంకుమ పెట్టి ఉంది. మందారం పువ్వు గుచ్చి ఉంది. కింద దీపం.

నాలుగు వేళ్లూ ఒక బొటనవేలూ, అన్నీ ఒకే చోటునుంచి బయల్దేరాయి. నేను తరగతిలో చెప్పే లక్షణం ఒక్కటీ తప్పలేదు. ఇంత అచ్చమైన నమూనా నా సర్వీసులో చూడలేదు. చూస్తుంటే అరికాళ్లలోంచి చలి ఎక్కడం కూడా నా సర్వీసులో ఎన్నడూ లేదు.

"ఊటేనండీ," అన్నాడతను, నా చెవి దగ్గరగా.

పాకలోంచి ఆవిడ వినేసింది. "ఊటకి వేళ్లుంటాయాండీ? మీరు చదువుకున్నవారు, చెప్పండి."

నేను చదువుకున్నవాణ్ణే గదా. హస్తాకారం అన్నాను. వేరే మాట నోటికి రాలేదు. ఆవిడ మొగుడి వైపు తిరిగి, "చూశావా, పేరు కూడా ఉంది," అంది. కొల్లేటి అమ్మ తమ ఇంటి మీద చెయ్యి ఉంచిందని, ఈ నీళ్లలో ఇన్ని పాకలుంటే తమ పాకే ఎంచుకుందని అప్పటికే ఆవిడ నిర్ణయించుకుంది. చుట్టుపక్కల చెరువుల మీదనుంచి ఆడవాళ్లొచ్చి దండం పెట్టుకుని వెళ్తున్నారట. నేను వచ్చేముందే ఎవరో దీపంలో నూనె పోసి వెళ్లారు.

చెరువు గట్టుకి ఊట వస్తే ఏం చెయ్యాలో ఆ నేల మీద బతికేవాళ్లందరికీ తెలుసు. బయటి వైపు తడి ఉన్నచోట గునపం వేసి, నీళ్ల దారి ఎటునుంచి వస్తోందో కొంత తవ్వి చూస్తారు. పీత బొరియో, పందికొక్కు కన్నమో తేలుతుంది. అప్పుడు లోపలివైపు చెరువులో దిగి, ఆ దారి మొదట్లో గడ్డీ బంకమట్టీ కూరి తొక్కుతారు. కష్టమైన పనే గాని కొత్త పని కాదు. అతను ముందురోజే గునపం పట్టుకున్నాడట. ఆవిడ చేతులు చాచి గట్టుకి అడ్డంగా నిలబడిపోయింది. అమ్మ వేళ్లు నరుకుతావా అని అడిగింది. ఆ మాట విన్న తర్వాత అతని చేతికి గునపం లేవలేదు. పక్క చెరువులవాళ్లని పిలిస్తే వాళ్లూ రాలేదు. ఊట మీద గునపం వేస్తాం గాని కుంకుమ మీద వెయ్యలేమన్నారు.

పోనీ తూము తీసి చెరువు దించుదామా అంటే, తూము తీసేది మురుగు కాలవలోకి. ఆ కాలవ చెరువు కంటే ఎత్తున పారుతోంది. తీస్తే ఉన్న నీళ్లు పోవు సరికదా, లేనివి వస్తాయి. ఇంజను పెట్టి పగలంతా తోడిన నీళ్లని ఒక జల్లు వచ్చి తిరిగి పోసేసేది. పొక్లెయిన్ తెప్పిద్దామంటే ఆ బురద బాటలో అది అడుగు కూడా కదలలేదు. మిగిలిన దారి ఒక్కటే, వాళ్లిద్దరూ పాక ఖాళీ చేసి రోడ్డు మీదికి రావడం.

ఆ మాట నేనే అన్నాను. వీలైనంత మెత్తగా అన్నాను. ఆవిడ నాకంటే మెత్తగా బదులు చెప్పింది.

"అమ్మ ఇంటికొచ్చి చెయ్యి పెడితే, ఇల్లొదిలి పోతారాండీ ఎవరైనా?"

నేను వాకిట్లోకి వచ్చాను. ఆముదపాకులన్నీ గాలి లేకపోయినా కొద్దిగా ఊగుతున్నాయి. అన్ని ఆకులూ వేళ్లు కిందికి వంచి ఉన్నాయి. వానకి బరువెక్కి వంగుతాయని నాకు తెలుసు, నేను దానికి పరీక్షలో రెండు మార్కులు కూడా ఇస్తాను. అయినా వాటి కిందనుంచి తల వంచుకుని నడిచాను.

అక్కకి ఫోన్ చేశాను. సరుకు సంగతి తర్వాత, మనుషుల మీద పడేలా ఉంది అన్నాను. అవతల కాసేపు ఉల్లిపాయల తూకం చప్పుడు వినపడింది. రేప్పొద్దున వస్తున్నా, వాళ్లని రాత్రికి గట్టు మీద ఇంజను షెడ్డులో పడుకోమని నా మాటగా చెప్పు అంది. మొగుడు షెడ్డులో పడుకున్నాడట. ఆవిడ దీపం కొండెక్కకుండా పాకలోనే ఉంది.

మర్నాడు మబ్బు దిగి చెరువు మీద కూర్చుంది. గణపవరంనుంచి ఆటోలో అక్క దిగింది. కొంగు ముక్కుకి, చేతిలో సంచీ. సంచీలో ఉల్లిపాయలు. ఎక్కడికెళ్లినా ఉల్లిపాయలు మోసుకెళ్లే మనిషి. యముడొచ్చి పిలిచినా, ఉండండి సంచీ తెచ్చుకుంటా అంటుంది.

గట్టు చెయ్యి దగ్గరికంటా వెళ్లి చూసింది ఆవిడ. వేళ్లు ముందురోజుకంటే పొడుగయ్యాయి. చిటికెనవేలు పాక తడికని తాకింది. కాపలా అతని భార్య పక్కనే, మంచి చుట్టాన్ని చూపిస్తున్నట్టు నిలబడింది. నేను అక్క మొహం వైపే చూస్తున్నాను. ఆవిడ తిట్టి బయటికి లాగుతుందని నా ఆశ. కౌలు నాది, నా మాట వినాలంటుందని.

అక్క సంచీలోంచి ఒక ఉల్లిపాయ తీసి ఆ అరచేతి మధ్యలో పెట్టింది. తడిమట్టి కాబట్టి అతుక్కుని నిలిచింది.

"ఏవమ్మా, చెయ్యి చాచిందంటే అడిగినట్టే కదా. ఇన్ని రోజులనుంచీ అమ్మ చెయ్యి చాచి నిలబడితే, పువ్వు పెట్టి ఊరుకున్నారా?"

కాపలా అతని భార్య కంగారుపడింది. అది దీవించే చెయ్యి అనుకున్నామండీ అంది. వేళ్లు కిందికి ఉన్నాయి, దీవించే చేతికి వేళ్లు పైకుంటాయి, గుళ్లో చూడలేదా అంది అక్క. ఇది అడిగే చెయ్యి. గట్టు అడిగేది ఏమిటి? మట్టి. ఉత్తి చెయ్యి వెనక్కి పంపితే మా కొట్లోనే ఊరుకోం, అమ్మ దగ్గర ఊరుకుంటామా?

మా అక్క నాటకమాడిందని మీరనుకుంటారు. నేనూ అనుకున్నాను. ఆవిడ కళ్లు చూశాక ఆ అనుమానం పోయింది. మామగారి పద్ధతి ఆవిడకి నెత్తురులో కలిసిపోయింది. గట్టు నిజంగానే కొట్టు మెట్టు ముందు నిలబడ్డట్టు చూస్తోంది ఆవిడ.

గునపం కంటే అది మేలని కాపలా అతనూ, అమ్మకి ఇవ్వడమైతే తప్పు లేదని ఆవిడా ఒప్పుకున్నారు. పక్క చెరువులవాళ్లు కూడా, మట్టి పెట్టడమైతే మేమూ వస్తామని గంపలతో వచ్చారు. బంకమట్టి తవ్వి తెచ్చి, ప్రతి గంపా దండం పెట్టుకుని, ఆ చేతిలో పోశారు. నేనూ పోశాను. బోటనీ చదివి, కన్ను తెరిచి చూస్తూ, ఊటకి బయటినుంచి మట్టి పెట్టాను. లోపల దారి తెరిచి ఉంచి బయట మూస్తే ఆ నీళ్లు ఎక్కడికి పోతాయో నాకు తెలుసు, గంప పట్టినవాళ్లందరికీ తెలుసు. అంతమంది అంత భక్తిగా చేస్తున్న పనిలో ఆ సంగతి ఎత్తడానికి ఒక్కరికీ నోరు రాలేదు. కాపలా అతను మాత్రం నా గంప అందుకుంటూ నేలకేసి చూసి అన్నాడు, "ఆగుద్దంటారా బాబుగారూ?" నేను ఆగుతుందనే అన్నాను.

మధ్యాహ్నానికి చెయ్యి కనపడకుండా పోయింది. గట్టు కడుపు మీద పెద్ద కట్టు కట్టినట్టుంది. చుక్క తడి లేదు. అక్క కాళ్లు కడుక్కుని, చెరువు వైపు చూసి, సరుకు దక్కింది అంది. వచ్చినవాళ్లు గంపలు బోర్లించుకుని వెళ్లిపోయారు. కాపలా అతని భార్య మాకు మజ్జిగ ఇచ్చింది. మేం ఆ పాక ముందే మంచం మీద కూర్చుని తాగాం.

బాతులు ముందు కదిలాయి. పెరట్లో తడి మట్టిలో ముక్కులు పెట్టి తిరిగేవి, అన్నీ ఒక్కసారి తలలెత్తి, వరసగా గట్టెక్కి పోయాయి. ఒక్కటీ అరవలేదు. గొడవ చెయ్యని బాతుల్ని నేనెప్పుడూ చూడలేదు. వాటి పాదాల ముద్రలు వాలు మీద చిన్న చిన్న చేతుల్లా పడ్డాయి, అన్నీ పైకి పోయేవే.

ఆ ముద్రల వెంట చూస్తుంటే కనపడింది. కట్టిన కట్టుకి కాస్త పక్కన, ఇంకా కిందగా, పాక మూలకి దగ్గర్లో. మొదట నల్లగా ఒక మచ్చ. మేం చూస్తుండగానే దానికి వేళ్లు వచ్చాయి. ఈసారి బొటనవేలు రెండో వైపుకి తిరిగి ఉంది. ఎడంచెయ్యి.

మొదటి చేతినుంచి కారిన నీళ్లు తేటగా ఉండేవి. ఇవి పాలు కలిపిన కాఫీలా ఉన్నాయి. నీళ్లు గట్టు లోపలి మట్టిని తింటూ వస్తున్నాయన్నమాట. కాపలా అతను లేచి నిలబడ్డాడు గాని అడుగు వెయ్యలేకపోయాడు. అక్క సంచీ వెతుక్కుంటోంది. ఇంకో ఉల్లిపాయ తీసే ఉద్దేశంలో ఉంది, చేతికి దొరకడం లేదు.

అతని భార్య మాత్రం వెళ్లి ఆ రెండో చేతికి ఎదురుగా నిలబడింది. పసుపు తీసుకు రాలేదు. దీపం వైపు చూడలేదు. కప్పెట్టిన కుడిచేతినీ, తెరిచి ఉన్న ఎడంచేతినీ మార్చి మార్చి చూసింది. తర్వాత మా అక్క వైపు తిరిగింది.

"అమ్మగారూ, మీ కొట్లో రెండు చేతులూ చాచినోళ్లకి అడిగిందే ఇవ్వాలని చెప్పారు కదండీ ఒకసారి."

అక్క తలూపింది.

"మరయితే అమ్మ అడిగేది మట్టి కాదండీ. మట్టి పెట్టాక కూడా రెండోది చాచింది. చోటు అడుగుతోంది. ఇది నాకు కావాలి, లేవండి అంటోంది."

మేం అంతమందిమి చెప్పినా కదలని మనిషి, కుండ మీద కుండ పెట్టి చంకకెత్తుకుంది. మొగుణ్ణి బియ్యం సంచీ ఎత్తమంది. దేవుడి పటం మా అక్క చేతిలో పెట్టింది. అక్క చేపల బుట్ట కూడా ఎత్తుకుంది, ముక్కుకి కొంగు లేకుండా. నాకు మంచం వచ్చింది. ఆ మంచాన్ని నెత్తిన పెట్టుకుని నేను గట్టు మీద పరుగెత్తిన తీరు గురించి గణపవరం దాకా కథలు నడుస్తున్నాయని విన్నాను. అవి నిజం, కొన్నిచోట్ల తగ్గించి చెబుతున్నారు కూడా. కాపలా అతని భార్య ఆఖరున వచ్చింది. వచ్చేముందు పొయ్యిలో నిప్పు మీద నీళ్లు చల్లి ఆర్పి వచ్చింది.

రోడ్డెక్కి వెనక్కి తిరిగాం.

గట్టు తెగిన చప్పుడు భూమి బద్దలైనట్టుందని రాయాలని కూర్చున్నాను. నా చెయ్యి అలవాటు అది. కాని అలా లేదు. తడిబట్టని ఎవరో నెమ్మదిగా చింపినట్టు వినపడింది. గట్టు నడుం వంచినట్టు కాస్త కుంగింది, ఆ కుంగిన చోటునుంచి చెరువు బయటికొచ్చింది. పాక కూలలేదు. ఉన్నపళాన లేచి, కొంచెం తిరిగి, నీళ్ల మీద కొంతదూరం ఇల్లులాగానే వెళ్లి, అప్పుడు విడిపోయింది. బొప్పాయి పడిపోయింది. ఆముదం పడలేదు. మెడదాకా మునిగి, ఆకులు మాత్రం పైకి పెట్టుకుని నిలబడింది. ఆ నీళ్లలోంచి అన్ని చేతులు పైకి లేచి ఉండటం మేం నలుగురం చూశాం.

"సరుకంతా కొల్లేటికి పోయింది," అంది అక్క. తర్వాత పక్కనున్న ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, "రా అమ్మా, మా ఇంటికి పోదాం," అంది.

గూడెంలో మా బావగారి గోడౌను వెనక ఒక గది ఉంది. వాళ్లిద్దరికీ ఆ గది ఇచ్చారు. అతను బస్తాలు దింపుతున్నాడు, ఆవిడ ఉల్లిపాయలు ఏరుతోంది. ఉల్లి ఘాటుకి కళ్లనీళ్లు కారతాయి కాబట్టి ఏడ్చినా ఎవరికీ తెలియదని, మంచి పని ఇచ్చారని మా అక్కతో అందట.

వానలు ఇంకా వెనక్కి తగ్గకముందే ఒకసారి చూడ్డానికి వెళ్లాను. ఆ గదిలో మంచం, నేను నెత్తిన మోసిన మంచమే, గోడకి దూరంగా, గది మధ్యలో వేసి ఉంది. గోడ పక్క అంత చోటు వదిలేసి, నడవడానికి అడ్డంగా మధ్యలో ఎందుకేశారని అడిగాను. ఆవిడ గోడ వైపు గడ్డంతో చూపించింది.

సున్నం గోడ మీద, పైకప్పు చెమ్మ దిగినచోట, నల్లటి మరక. అరచెయ్యి. దానికింద వేళ్లు, కిందికి. నేను లెక్క కూడా పెట్టలేదు. నోటిదాకా వచ్చిన మాటని మింగాను.

గోడ మొదట్లో, సరిగ్గా ఆ వేళ్ల కింద, ఒక ఉల్లిపాయ పెట్టి ఉంది.

"పర్లేదండీ బాబుగారూ," అంది ఆవిడ, నా మొహం చూసి. "ఇంకా ఒక చెయ్యే."